పేరు కంటే ముందు వేళ రాయండి

జగిత్యాల జిల్లా మేడిపల్లి మండలంలో ఏ సర్కారు బడికి పోయినా రికార్డులకు కొదవ లేదు. హాజరుపట్టీ ఉంటుంది, మార్కుల రిజిస్టరు ఉంటుంది, మధ్యాహ్న భోజనానికి ఎన్ని కిలోల బియ్యం వాడారో రాసి ఉంటుంది. చైల్డ్ ఇన్ఫో, యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డుల్లో ప్రతి విద్యార్థి వివరాలూ ఎక్కి ఉంటాయి. ఇన్ని లెక్కలున్న బడిలో "ఏడో తరగతిలో గొడవలు ఎక్కువగా ఏ వేళప్పుడు అవుతున్నాయి?" అని అడిగితే జవాబు చెప్పే రికార్డు మాత్రం దొరకదు. "ఎవరు చేస్తున్నారు?" అని అడిగితే ముగ్గురి పేర్లు వెంటనే వినిపిస్తాయి.

పిల్లల నడవడిక గురించి మన దగ్గరున్న సమాచారం దాదాపు అంతా ఇలా పేర్ల రూపంలోనే ఉంటుంది. పేరు ఒక్కటే తెలిస్తే మనం చేయగలిగేది తక్కువ. తిట్టగలం, బయట నిలబెట్టగలం, తల్లిని పిలిపించగలం. వేళ తెలిస్తే, చోటు తెలిస్తే, గొడవకు ముందు ఏం జరిగిందో తెలిస్తే చేయగలిగేది చాలా ఉంది. పీరియడ్ మొదలుపెట్టే తీరు మార్చవచ్చు, కూర్చునే వరుసలు మార్చవచ్చు, మన మాటతీరు మార్చుకోవచ్చు. తరగతి గదికి కావలసింది ఇలా పనికొచ్చే సమాచారం. దాన్ని సేకరించి, చదివి, దాన్నిబట్టి నడుచుకునే ఒక చిన్న ఏర్పాటును మీ అంతట మీరే ఎలా తయారు చేసుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం. కంప్యూటరు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, శనివారం అరగంట సమయం చాలు.

బెత్తం తీసేశాక మిగిలిన ఖాళీ

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు గాయపడేలా వేధించడాన్నీ నిషేధించింది. బిడ్డ భయం లేకుండా చదువుకోవాలని 29వ సెక్షన్ చెప్పింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై, బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి, ఇతర సంగతులు వాళ్లకు తెలియజేయడం టీచరు విధి అని 24వ సెక్షన్ చెప్పింది.

బెత్తం ఉన్న రోజుల్లో టీచరు కారణం వెతకాల్సిన పని ఉండేది కాదు. దెబ్బ పడగానే గది నిశ్శబ్దమయ్యేది, సమస్య తీరిపోయినట్టు కనిపించేది. చట్టం బెత్తాన్ని తీసేసింది. ఆ ఖాళీలోకి చాలాచోట్ల కేకలు వచ్చి చేరాయి. కేకల వల్ల ఏమవుతుందో 1960ల చివర్లో వెస్లీ బెకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు తరగతి గదుల్లోనే కూర్చుని లెక్కగట్టారు. టీచరు "కూర్చోండి" అని ఎక్కువసార్లు అన్నకొద్దీ లేచి తిరిగే పిల్లలు ఎక్కువయ్యారు. అరిచిన ఆ క్షణానికి పిల్లలు కూర్చునేవాళ్లు కాబట్టి అరుపు పనిచేస్తున్నదని టీచరుకు అనిపించేది. మొత్తం పీరియడ్ లెక్క చూస్తే తేలింది వేరు. కూర్చుని పనిచేస్తున్నవాళ్లను మెచ్చుకున్నప్పుడే లేచి తిరగడం తగ్గింది.

ఆ టీచర్లు తెలివి తక్కువవాళ్లు కారు. తమ కళ్లెదుట జరుగుతున్నది వాళ్లకు కనిపించకపోవడానికి కారణం, అప్పటిదాకా ఎవరూ లెక్క రాయకపోవడమే. ముప్పైమంది పిల్లల మధ్య నిలబడి పాఠం చెప్పే మనిషికి తన గది మొత్తం కనిపించదు. కాబట్టి నోటుబుక్కు మొదటగా టీచరుకు అద్దం కావాలి. పిల్లల మీద అభియోగపత్రం రాయడానికి దాన్ని వాడకూడదు.

అయిదు గళ్లు

నోటుబుక్కు పేజీలో అయిదు గళ్లు గీయండి.

మొదటి గడిలో వేళ. ఏ పీరియడ్, మొదట్లోనా, మధ్యలోనా, చివర్లోనా.

రెండో గడిలో చోటు. గదిలోనా, వరండాలోనా, నల్లా దగ్గరా, ప్రార్థన వరుసలోనా. గదిలో అయితే ఏ వరుస.

మూడో గడిలో, ముందు ఏం జరిగింది. టీచరు బోర్డు వైపు తిరిగారా, నోట్సు రాసుకొమ్మన్నారా, పక్క పిల్లవాడు పెన్ను తీసుకున్నాడా, ఎవరూ ఏ పనీ లేకుండా ఉన్నారా.

నాలుగో గడిలో, పిల్లలు ఏం చేశారు.

అయిదో గడిలో, తర్వాత మనం ఏం చేశాం, దాంతో ఏమైంది.

పేరుకు పెద్ద గడి వద్దు. పేజీ అంచున రోల్ నంబరు వేసుకుంటే చాలు. 1968లో సిడ్నీ బిజూ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పిల్లల ప్రవర్తనను గమనించడానికి ముందు, అప్పుడు, తర్వాత అనే మూడు మెట్లు ప్రతిపాదించారు. ఈ గళ్లలో చివరి మూడూ అవే. తర్వాత ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో బడులన్నిటికీ పనికొచ్చే సమాచార వ్యవస్థ ఒకటి తయారైంది. అది బడికి ముఖ్యంగా అయిదు సంగతులు చూపిస్తుంది. రోజుకు సగటున ఎన్ని ఘటనలు, ఎలాంటివి, ఎక్కడ, ఏ వేళ, ఎవరు. అయిదింటిలో "ఎవరు" అన్నది ఒక్కటే. మిగతా నాలుగూ బడి ఏర్పాట్లకు సంబంధించినవి.

ఒక్క ఘటన రాయడానికి పావు నిమిషం మించి పట్టకూడదు. అంతకంటే ఎక్కువ పడితే ఆ పద్ధతి వారం తిరక్కముందే మూలన పడుతుంది. పొట్టి గుర్తులు పెట్టుకోండి. "5-మొ" అంటే అయిదో పీరియడ్ మొదట్లో. "వె-కి" అంటే వెనక వరుస, కిటికీ పక్క. ఆ గుర్తులు మీకు అర్థమైతే చాలు.

కన్ను చూసిందే రాయాలి

నాలుగో గడి దగ్గరే అందరం తడబడతాం. "పొగరుగా మాట్లాడాడు" అని రాస్తాం. పొగరు కంటికి కనిపించదు. "లెక్క చేయమంటే 'నాకు రాదు' అని పుస్తకం మూశాడు" అన్నది కనిపిస్తుంది. మొదటి వాక్యం చదివినవాళ్లకు కోపం వస్తుంది. రెండోది చదివినవాళ్లకు ప్రశ్న వస్తుంది. ఏ లెక్క రాదు? ఎప్పటి నుంచి రాదు?

"దొంగబుద్ధి" అని రాయకండి. "పక్క డెస్కు మీది స్కేలు అడగకుండా తీసుకున్నది" అని రాయండి. "గొంతు పెద్దది, మర్యాద లేదు" అని రాయకండి. పక్కనున్న సిరిసిల్లలో రేయింబవళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిచే వాడలున్నాయి. ఆ చప్పుడు మధ్య పెరిగే బిడ్డ ఇంట్లో వాళ్లకు వినబడాలంటే గట్టిగానే మాట్లాడాలి. బడిలోనూ అదే గొంతు వస్తుంది. అది అలవాటో అమర్యాదో తేల్చే హక్కు మన నోటుబుక్కుకు లేదు. "బిగ్గరగా మాట్లాడాడు" అంటే సరిపోతుంది.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు రాసిన వాక్యాన్ని ఆ బిడ్డ తల్లి ముందు గట్టిగా చదవగలరా? చదవగలిగితే ఉంచండి. గొంతు తడబడుతుందనిపిస్తే తిరిగి రాయండి.

శనివారం అరగంట

రాసిన నోటుబుక్కును చదవకపోతే అది మరో రిజిస్టరుగా మిగిలిపోతుంది. శనివారం బడి అయ్యాక అరగంట కూర్చోండి. ముందు రోల్ నంబర్ల మీద కాగితం కప్పి, మిగతా గళ్లు మాత్రమే చదవండి.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఇది లెక్క అర్థం కావడానికి ఊహించినది. ఒక ఏడో తరగతిలో రెండు వారాల్లో 19 ఘటనలు రాశారనుకుందాం. వేళల ప్రకారం లెక్కపెడితే 11 మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో, 4 చివరి పీరియడ్‌లో, మిగతా 4 అక్కడక్కడా ఉన్నాయి. ఆ 11లో 7 మొదటి పది నిమిషాల్లోనే జరిగాయి. ఇక్కడ ఆగి మూడో గడి చూస్తే "పని లేదు", "టీచరు ఇంకా రాలేదు", "నల్లా దగ్గర నుంచి కొందరు ఇంకా రాలేదు" అని ఉంది.

ఇప్పుడు గొడవకు రూపం వచ్చింది. త్వరగా తిన్నవాళ్లు గదిలోకి వచ్చి ఖాళీగా కూర్చుంటున్నారు. ప్లేట్లు కడిగే నల్లా దగ్గర వరుస పొడవుగా ఉంది. పాఠం మొదలయ్యేసరికి పది నిమిషాలు పోతున్నాయి. మందు కూడా ఆ రూపంలోనే ఉంది. భోజనానికి వదిలే ముందే బోర్డు మీద ఒక చిన్న పని రాసిపెట్టాలి. ఒక పొడుపుకథ కావచ్చు, ఒక లెక్క కావచ్చు, ఒక బొమ్మ కావచ్చు. నల్లా దగ్గరికి వరుసల వారీగా పంపాలి. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందే టీచరు గుమ్మం దగ్గర ఉండాలి. ఒక్క పిల్లవాడినీ తిట్టకుండా సగానికి పైగా ఘటనలు జరిగే వేళను చక్కదిద్దే దారి దొరికింది.

ఆ తర్వాతే కాగితం తీసి నంబర్లు చూడండి. ఒక నంబరు అయిదుసార్లు వచ్చిందనుకుందాం. అయిదుసార్లూ మూడో గడిలో "బోర్డు మీది నోట్సు రాసుకొమ్మన్నాను" అని ఉంది. చోటు అయిదుసార్లూ చివరి బెంచీ. ఆ బిడ్డకు బోర్డు కనబడుతున్నదా? సోమవారమే ముందు బెంచీకి మార్చి చూడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి చూపించండి, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. "పక్కవాణ్ని గెలుకుతాడు" అని ముద్ర పడిన బిడ్డ నోట్సు కోసమే పక్కవాడి పుస్తకం లాక్కుంటూ ఉండవచ్చు.

సాంచా మీద పోగు ఒకసారి తెగితే కార్మికుడు ముడివేసి ముందుకు పోతాడు. ఒకేచోట మళ్లీ మళ్లీ తెగుతుంటే ఎక్కడ ఒరుసుకుంటున్నదో చూస్తాడు. శనివారం అరగంటలో మనం చేయవలసింది ఆ చూపు చూడటమే.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. రెండు వారాలు చూసి, ఘటనలు తగ్గితే ఆ మార్పును అలవాటు చేయండి. తగ్గకపోతే ఇంకోటి ప్రయత్నించండి.

ఇంటి నుంచి వచ్చే కారణాలు

మూడో గడిలో కొన్నిసార్లు ఏమీ కనిపించదు. గదిలో ఏ కారణమూ లేకుండానే బిడ్డ చికాకుగా ఉంటుంది, డెస్కు మీద తల వాల్చేస్తుంది. అప్పుడు కారణం ఇంటి దగ్గర ఉండవచ్చు.

మేడిపల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. దుబాయిలో రాత్రి తొమ్మిది అంటే ఇక్కడ పదిన్నర. సౌదీలో తొమ్మిది అంటే ఇక్కడ పదకొండున్నర. డ్యూటీ ముగిసి, తిని, నాయన వీడియో కాల్ చేసేదాకా పిల్లలు మేలుకొనే ఉంటారు. మర్నాడు మొదటి పీరియడ్‌లో తూగుతారు. దాన్ని బద్ధకం అనే ముందు "రాత్రి ఎప్పుడు పన్నవు బిడ్డా?" అని అడగాలి. తల్లి బీడీలు చేసే ఇంట్లో, కార్ఖానాకు లెక్క అప్పజెప్పే రోజు దగ్గర పడితే ఆడపిల్ల చేయి కూడా పనిలో పడుతుంది. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో పెద్దపిల్లలు బడి మానడం, వచ్చినా అలసిపోయి ఉండటం కనిపిస్తుంది. నోటుబుక్కులో తేదీలు ఉంటే ఇవన్నీ వరుసగా తేలతాయి. ఒకే అమ్మాయి ప్రతి వారం ఒకేరోజు తూగుతుంటే ఆ రోజుకు ముందటి రాత్రి ఇంట్లో ఏం పని ఉన్నదో మెల్లగా కనుక్కోవచ్చు.

కనుక్కున్నదంతా రాయకూడదు. ఇంట్లో తగాదాలు, అప్పులు, తండ్రి తాగుడు నోటుబుక్కులోకి ఎక్కకూడదు. "తల్లితో మాట్లాడాను" అన్న ఒక్క మాట చాలు. బిడ్డకు ఇంట్లో గానీ బయట గానీ హాని జరుగుతున్నదన్న అనుమానం వస్తే మాత్రం అది నోటుబుక్కుతో తేలే విషయం కాదు. ఆ రోజే పెద్దసారుకు చెప్పాలి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

తల్లితో మాట్లాడేటప్పుడు కూడా నోటుబుక్కు సాయపడుతుంది. "అమ్మా, మీ పిల్లగాడు మాట వినడు" అంటే ఆమెకు మిగిలేది సిగ్గు, కోపం. ఇంటికి పోయి పిల్లవాణ్ని కొడుతుంది. "అమ్మా, పొద్దున చికాకు పడుతున్నడు, అన్నం తిన్నంక మంచిగుంటడు. ఇంటి దగ్గర పొద్దున ఏమన్న తినొస్తడా?" అంటే ఆమె మనతో కలిసి ఆలోచిస్తుంది.

మంచికీ ఒక పేజీ

తప్పులే రాసే నోటుబుక్కు మన కళ్లను తప్పులే చూసేలా తయారుచేస్తుంది. అందుకని ఎడమ పేజీ ఘటనలకు, కుడి పేజీ మంచికి కేటాయించండి. "కింద పడ్డ చిన్నపిల్లను లేపింది." "తనకు రాని లెక్కను మూడోసారి ప్రయత్నించాడు." ఎడమవైపు ఎన్ని రాశారో కుడివైపు అంతకన్నా ఎక్కువ రాయాలని నియమం పెట్టుకోండి. రాసి ఊరుకోకండి, ఆ రోజే ఆ బిడ్డకు చెప్పండి. బెకర్ బృందం తరగతి గదుల్లో నియమాలు, తప్పు నడతను పట్టించుకోకపోవడం, మంచి నడతను మెచ్చుకోవడం అనే మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ప్రవేశపెట్టి పరీక్షించింది. నియమాలు చెప్పినంత మాత్రాన పెద్దగా ఏమీ మారలేదు. తప్పు నడతను పట్టించుకోకుండా మంచి నడతను గమనించి మెచ్చుకోవడం బాగా పనిచేసింది. అందులో మెచ్చుకోవడమే బహుశా కీలకమని ఆ బృందం భావించింది.

నెలాఖరున హాజరుపట్టీ పక్కన పెట్టుకుని చూడండి. రెండు పేజీల్లోనూ ఒక్కసారి కూడా కనిపించని నంబర్లు ఉంటాయి. గొడవ చేయరు, చేయెత్తరు. నెలంతా మన కంట పడని పిల్లలు వాళ్లే. వచ్చే వారం మన మొదటి పలకరింపు వాళ్లకే దక్కాలి.

పిల్లల చేతిలోనూ సమాచారం

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన పద్ధతిలో గోడ మీద నేర్చుకునే నిచ్చెన ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నదో, తర్వాతి కార్డు ఏదో బిడ్డే చూసుకుని పని అందుకుంటుంది. టీచరు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చునే వేళ తగ్గుతుంది. పొరుగు రాష్ట్రాలూ ఈ దారి నుంచి నేర్చుకున్నాయి. నడవడికకు కూడా ఆ సూత్రం పనికొస్తుంది. తన సంగతి తనకు తెలిసిన బిడ్డ తనను తాను దిద్దుకోగలుగుతుంది.

నోటుబుక్కులో తరచుగా కనిపించే ఒకరిద్దరు పిల్లలకు అరచేతంత అట్టముక్క ఇవ్వండి. దాని మీద రెండే లక్ష్యాలు ఉండాలి. అవీ బిడ్డతో మాట్లాడి, బిడ్డ మాటల్లోనే రాయాలి. "చేయెత్తి అడుగుత." "కోపమొస్తే నీళ్లు తాగి వస్త." పొద్దున బడికి రాగానే ఒక నిమిషం మాట్లాడాలి. ప్రతి పీరియడ్ చివర బిడ్డే టిక్కు పెట్టుకోవాలి. సాయంత్రం ఇంకో నిమిషం కలిసి చూసుకోవాలి. తక్కువ టిక్కులు పడ్డ రోజు కోపగించకండి. "ఏ పీరియడ్ కష్టమైంది?" అని మాత్రం అడగండి. ఆ అట్ట తరగతిలో ఎవరికీ కనబడకూడదు, అది మీ ఇద్దరి మధ్య ఉండాలి.

గోడ మీద పేర్లు వద్దు

కొన్ని బడుల్లో గోడకు చార్టు కట్టి పేర్ల పక్కన ఎర్రచుక్కలు పెడతారు. కొన్నిచోట్ల వాట్సప్ గ్రూపులో పిల్లల తప్పులు ఫొటోలతో సహా పెడతారు. ఈ రెండూ మానేయండి. ఎర్రచుక్క పడ్డ బిడ్డ ఆ చుక్కకు తగ్గట్టే ఉండటం నేర్చుకుంటుంది. పదిమందిలో బిడ్డను చిన్నబుచ్చడం 17వ సెక్షన్ వద్దన్న మానసిక వేధింపు కిందికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. తరగతి మొత్తానికి సంబంధించిన అంకె చూపించాలనుకుంటే చూపించండి. "ఈ వారం మధ్యాహ్నం పాఠం నాలుగు రోజులు గంట కొట్టగానే మొదలైంది" అని బోర్డు మీద రాయండి. అందులో అందరికీ వాటా ఉంది.

ఫోన్‌లో యాప్ వాడాలనుకుంటే ఆలోచించి వాడండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల ప్రవర్తన మీద నిఘా పెట్టడాన్ని 9వ సెక్షన్ వద్దంటుంది. బడులకు చదువు కోసం, భద్రత కోసం కొంత సడలింపు ఉన్నా చట్టం ఉద్దేశం స్పష్టం. నోటుబుక్కును బీరువాలో పెట్టి తాళం వేయవచ్చు. ఎక్కడి సర్వర్‌కో ఎక్కిన సమాచారానికి తాళం మన చేతిలో ఉండదు.

జూన్‌లో కొత్త పేజీ

విద్యాసంవత్సరం ముగిశాక ఈ నోటుబుక్కును చింపేయండి. ఏ వేళలో, ఏ చోట ఏ మార్పు పనిచేసిందో ఒక కాగితం మీద రాసి తర్వాతి టీచరుకు ఇవ్వండి. రోల్ నంబర్లు ఇవ్వకండి. నేరం చేసి చట్టం ముందు నిలబడ్డ బాలల విషయంలోనే 2015 బాలల న్యాయచట్టం కొత్త ఆరంభం అనే సూత్రం పెట్టుకుంది. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప వాళ్ల పాత రికార్డులు చెరిపేయాలన్నది. అంతటి చట్టం ఇచ్చిన మన్నన, పెన్ను లాక్కున్న ఏడో తరగతి పిల్లవాడికి మనం ఇవ్వలేమా?

ఈ నెలలోనే మొదలుపెట్టండి

మొదటి వారం: ఏమీ మార్చకుండా రాయండి. ఒక్క తరగతి, రోజుకు రెండు పీరియడ్లు చాలు.

రెండో వారం: రాయడం కొనసాగించండి. శనివారం నంబర్లు కప్పి చదవండి. ఎక్కువ ఘటనలు జరిగే ఒక్క వేళను గుర్తించండి.

మూడో వారం: ఆ వేళలో ఒక్క మార్పు చేయండి. కుడి పేజీని ఎడమ పేజీ కన్నా ఎక్కువగా నింపండి.

నాలుగో వారం: లెక్క సరిచూడండి. కనిపించని పిల్లలను వెతకండి. అవసరమైన ఒక్క బిడ్డకు అట్టముక్క మొదలుపెట్టండి. ఏం తెలిసిందో పక్క గది టీచరుకు చెప్పండి.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు బడి బయటి పిల్లలను పేరుపేరునా గుర్తించి, వెంటపడి బడిదాకా తెచ్చారు. ఆ జాబితాలో పేరుండటం బిడ్డకు మేలు చేసింది. మన నోటుబుక్కు కూడా అలాంటిదే కావాలి. ఒక బిడ్డ నంబరు అందులో పదేపదే కనిపిస్తే, ఆ బిడ్డకు మన సాయం ఎక్కువ కావాలని అర్థం. రేపు పొద్దున బడికి పోయేటప్పుడు సంచిలో ఒక కొత్త నోటుబుక్కు పెట్టుకోండి. మొదటి పేజీలో అయిదు గళ్లు గీయండి. మీ తరగతిలో అందరూ "చెడ్డపిల్లవాడు" అనే ఆ ఒక్క బిడ్డ గురించి, ఈ నెల చివరికి ఎవరికీ తెలియని ఒక మంచి సంగతి, ఎవరూ అడగని ఒక కారణం మీకు తెలిసి ఉండాలి.